చిప్పు నోరు విప్పదు, బదులు మాత్రం చెప్తుంది

(ఎలక్ట్రానిక్స్ చివరి సంవత్సరం విద్యార్థుల ముందు మాట్లాడిన మాటలివి. రికార్డింగ్ విని రాసుకున్నాను. దగ్గులూ, మధ్యలో కరెంటు పోయిన పది నిమిషాలూ తీసేశాను.)

వెనక బెంచీలకి వినపడుతోందా? అయితే మైకు వద్దులెండి.

మీ సార్ నాకిచ్చిన టాపిక్ పేరు కాస్త భారీగా ఉంది. నెట్‌వర్క్‌లో మాట్లాడుకునే పరికరాలకి హార్డ్‌వేర్ ఆధారిత అథెంటికేషన్ అట, అంటే ఎదుటి పరికరం తాను చెప్పుకుంటున్నదేనా అని చిప్పు సాయంతో తేల్చుకోవడం. నేను దీన్ని బోరు మోటరు దగ్గర నిలబెట్టి చెప్తాను, ఎందుకంటే నేను నేర్చుకున్నది అక్కడే, అదీ తిట్లు తిని నేర్చుకున్నది. మీలో ఎంతమంది ఇళ్లల్లో వ్యవసాయం ఉంది? చాలానే లేచాయి చేతులు. అయితే మొబైల్ స్టార్టర్ గురించి సగం మందికి చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. బోరు దగ్గర ఒక ఇనప డబ్బా ఉంటుంది, లోపల కాంటాక్టరు, రిలే, పక్కన ఒక చిన్న బోర్డు, ఆ బోర్డులో సిమ్. త్రీ ఫేజ్ కరెంటు ఏ అర్ధరాత్రో ఇచ్చే రోజుల్లో రైతు టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడిచి వెళ్లి మోటరు వేసొచ్చేవాడు, ఆ నడకలో పాము కరిచి పోయినవాళ్లు, తడి చేత్తో డబ్బా ముట్టుకుని పోయినవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ నడక తప్పించడానికి వచ్చిన వస్తువు ఇది. మంచం మీంచే ఫోన్ చేస్తే మోటరు తిరుగుతుంది.

ఇప్పుడు ప్రశ్న. ఫోన్ చేసింది ఆ పొలం ఆసామే అని డబ్బాకి ఎలా తెలుసు?

మొదట్లో వచ్చిన వాటిలో సమాధానం చాలా అమాయకంగా ఉండేది. వచ్చిన నంబరు తన జాబితాలో ఉందా లేదా చూసుకునేది, ఉంటే మోటరు వేసేది. కాల్ చేసేవాడి నంబరు మార్చి చూపించడం పెద్ద విద్యేమీ కాదు. ఎస్ఎంఎస్‌తో నడిచే వాటికి పాస్‌వర్డ్ ఉండేది, 1234. మార్చుకోమని కాగితం మీద రాసిచ్చేవాళ్లం. ఆ కాగితం డబ్బా అట్టపెట్టెతో పాటు పొయ్యిలోకి పోయేది. నవ్వకండి, 2016 అక్టోబర్ 21న మిరాయ్ అనే బాట్‌నెట్ (దొంగ ప్రోగ్రామ్ చేతిలో పడ్డ పరికరాల దండు) డైన్ అనే, వెబ్‌సైట్ పేర్లకి అడ్రసులు చెప్పే డీఎన్ఎస్ కంపెనీ మీద పడి, అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి తెరుచుకోకుండా చేసింది చూశారూ, దాని చేతిలో ఉన్న ఆయుధం అరవై పైచిలుకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌ల జాబితా. అంతే. కెమెరాలు, వాటి వీడియో దాచే డీవీఆర్‌లు, రౌటర్లు ఫ్యాక్టరీ నుంచి ఏ పాస్‌వర్డ్‌తో బయటికొచ్చాయో అదే పాస్‌వర్డ్‌తో గోడ మీద కూర్చుని ఉన్నాయి, అది వెళ్లి తలుపు తీసుకుంది.

మేం కాస్త తెలివైనవాళ్లం అనుకుని రెండో రకం డబ్బా చేశాం. ఇది డేటా మీద నడుస్తుంది, ఎంక్యూటీటీ అనే, చిన్న పరికరాలు మెసేజ్‌లు పంపుకునే పద్ధతిలో సర్వర్‌కి కనెక్ట్ అవుతుంది. రైతు ఫోన్‌లో యాప్, యాప్ నుంచి సర్వర్‌కి, సర్వర్ నుంచి డబ్బాకి. ప్రతి డబ్బాకీ వేరే వేరే క్లయింట్ ఐడీ, వేరే వేరే పాస్‌వర్డ్, పాస్‌వర్డ్ కూడా ఇరవై నాలుగు అక్షరాలది, ఎవడూ ఊహించలేడు. ఐడీ, పాస్‌వర్డ్ రెండూ బోర్డు మీదున్న ఫ్లాష్ అనే మెమరీ చిప్‌లో రాసి పెట్టాం. అక్కడే దెబ్బతిన్నాం.

ఒకరోజు పొద్దున్నే ఒక రైతు ఫోన్. "ఏవండీ, నేను నొక్కలేదు, నా మోటరు తిరుగుతోంది, మిరప తోటలో మోకాలు లోతు నీళ్లున్నాయి, ఎవరిస్తారు నాకు డబ్బులు?" అని. సర్వర్‌లో లాగ్ తెరిచి చూశాను. ఆ డబ్బా కనెక్ట్, డిస్‌కనెక్ట్, కనెక్ట్, డిస్‌కనెక్ట్, ఏడెనిమిది సెకన్లకి ఒకసారి. సిగ్నల్ బాలేదేమో అనుకుని యాంటెనా మార్పించాం. తగ్గలేదు. మోడెమ్ మార్పించాం. తగ్గలేదు. మూడోరోజు రాత్రి మా దగ్గర పనిచేసే కుర్రాడు ఒకడు లాగ్‌ని పక్కకి స్క్రోల్ చేసి (మేం ఎవ్వరం అన్ని కాలమ్‌లు చూడలేదు) సార్ ఇటు చూడండి, ఈ డబ్బా నిమిషంలో ఆరుసార్లు ఊరు మారుతోంది అన్నాడు. ప్రతి కనెక్షన్‌తో పాటు డబ్బా తాను ఏ టవర్ కింద ఉందో పంపిస్తుంది. ఒకసారి ఒక టవర్, ఇంకోసారి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఇంకో టవర్.

డబ్బాకి కవల పుట్టింది.

ఎంక్యూటీటీలో ఒక నియమం ఉంది, మీరు చదివే ఉంటారు. ఒక క్లయింట్ ఐడీతో ఒకడు లోపలుండగా అదే ఐడీతో ఇంకొకడొస్తే, సర్వర్ మొదటివాణ్ణి బయటికి నెట్టి రెండోవాణ్ణి కూర్చోబెట్టాలి. బయటికి పోయినవాడు ఊరుకోడు కదా, మళ్లీ వస్తాడు, వీణ్ణి నెడతాడు. రాత్రంతా అలా బస్సులో కర్చీఫు వేసిన సీటు కోసం కొట్టుకున్నట్టు కొట్టుకున్నాయి రెండూ. ఈలోగా అవతలి ఊరి రైతు తన యాప్‌లో నొక్కినప్పుడు ఆ క్షణంలో సీట్లో ఎవడుంటే వాడికి ఆర్డర్ వెళ్తుంది. వాళ్ల మోటరు వేయమంటే వీళ్ల తోట తడిసింది.

కవలని పుట్టించినవాడు ఎవరో హ్యాకర్ అనుకుంటున్నారా? మోటరు వైండింగ్ షాపు మెకానిక్. పిడుగు పడి ఒక బోర్డు పోయింది, మా కంపెనీకి ఫోన్ చేస్తే పది రోజులు పడుతుందన్నారట, అవతల పంట ఎండిపోతోంది. అతను మా దగ్గరే కొన్న ఖాళీ బోర్డు ఒకటి తీసుకుని, తన దగ్గర బాగుచేతకి వచ్చిన ఇంకో డబ్బాలోంచి ఫ్లాష్ చదివి, దీంట్లో రాశాడు. ఫ్లాష్ చదివే ప్రోగ్రామర్ ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలు, ఒక క్లిప్పు చిప్పు మీద తగిలించడమే. నేను వెళ్లి అడిగితే "సార్, రెండూ ఒకే మోడల్ కదా, పనిచేస్తే చాలనుకున్నా" అన్నాడు. అతని తప్పేం లేదు. పది రోజులు ఆగమన్న మాదే తప్పు, కాపీ కొట్టగలిగేలా రహస్యాన్ని పెట్టిందీ మేమే. మా పాస్‌వర్డ్ ఇరవై నాలుగు అక్షరాలైతే ఏంటి, రెండు వందల నలభై అయితే ఏంటి, క్లిప్పు పెట్టి చదివేవాడికి పొడుగుతో పనేముంది?

ఇక్కడి నుంచి అసలు విషయం.

మీ టెన్త్ మెమో గుర్తుందా, దాని మీద పుట్టుమచ్చలు రాస్తారు. కుడి చేతి మీద ఒకటి, మెడ కింద ఒకటి. దాన్ని బట్టి ఎవరైనా మిమ్మల్ని ఎప్పుడైనా గుర్తుపట్టారా? లేదు, ఎందుకంటే కాగితం చదివినవాడెవడైనా పెన్నుతో ఆ చుక్క పెట్టుకోగలడు. నెట్‌వర్క్ కార్డుకి ఫ్యాక్టరీలో ఇచ్చే నంబరు, మ్యాక్ అడ్రస్, సరిగ్గా అలాంటి పుట్టుమచ్చే. 48 బిట్లు, కార్డు మీద ముద్రించి ఉంటుంది, గాల్లో అందరికీ వినపడేట్టు అరుస్తూ ఉంటుంది, లైనక్స్‌లో ఒక్క కమాండ్‌తో మారిపోతుంది. మా కాలేజీ వైఫైలో మ్యాక్ ఫిల్టరింగ్ పెట్టాం సార్, చాలా సేఫ్ అని ఎవరైనా అంటే మర్యాదగా తలూపి వచ్చేయండి.

మన దగ్గర జరిగిందే ఒకటి చెప్తాను. 2018లో తెలంగాణలో ఒక సిమ్ కార్డుల డిస్ట్రిబ్యూటర్‌ని పోలీసులు పట్టుకున్నారు. భూముల రిజిస్ట్రేషన్ కాగితాలు ఆన్‌లైన్‌లో దొరికేవి, వాటి మీద వేలిముద్రలుంటాయి, ఆధార్ నంబరు కూడా ఉంటుంది. ఆ ముద్రలు తీసుకుని, రబ్బరు స్టాంపులు చేసే మిషన్ మీద అచ్చు పోసి, ఆ వేళ్లతో ఈకేవైసీ చేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు, టార్గెట్ కోసం. వేలిముద్ర చాలా ప్రత్యేకమైనదే, ప్రపంచంలో ఇద్దరికి ఒకటి ఉండదు, కానీ అది రహస్యం కాదు. రిజిస్ట్రార్ ఆఫీసులో సిరాతో కాగితం మీద వేసి ఇచ్చిందే కదా. తర్వాత తర్వాత ఆధార్ యంత్రాల్లో ఎల్1 అనే రకం వచ్చింది. పాత ఎల్0లో ముద్ర స్కానర్‌లోంచి ఫోన్‌లోకో కంప్యూటర్‌లోకో వచ్చాక సాఫ్ట్‌వేర్ దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి సంతకం చేస్తుంది, ఎల్1లో ఆ పనంతా స్కానర్ లోపల, బయటివాళ్లు చెయ్యిపెట్టలేని చోట జరుగుతుంది. దానివల్ల దాచుకున్న పాత ముద్రని మధ్యలో దూర్చడం కుదరదు. రబ్బరు వేలు మాత్రం అప్పటికీ పెట్టి చూడొచ్చు, దాన్ని పట్టుకోవడానికి వేలు ప్రాణమున్నదా కాదా చూసే పరీక్ష వేరే కావాలి. అది మనిషిని గుర్తుపట్టే గొడవ, నేను మాట్లాడేది యంత్రాన్ని గుర్తుపట్టే గొడవ. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడేవాళ్లు ఎక్కువ, అందుకే చెప్పాను.

మరి యంత్రానికి ఎలాంటి గుర్తు కావాలి? చూసినా, విన్నా, రికార్డ్ చేసుకున్నా కాపీ కొట్టలేనిది కావాలి. అది మీ అందరి జేబుల్లోనూ ఉంది, సిమ్ కార్డు. ఫిన్లండ్‌లో రేడియోలిన్యా అనే కంపెనీకి 1991లో జర్మనీ నుంచి గీసెకె అండ్ డెవ్రియెంట్ వాళ్లు మొదటి సిమ్‌లు చేసిచ్చినప్పటి నుంచి దాని పద్ధతి ఇది. సిమ్ లోపల 128 బిట్ల రహస్యం ఒకటి ఉంటుంది, కేఐ అంటారు. అదే నంబరు కంపెనీ దగ్గర కూడా ఉంటుంది. ఇంకెక్కడా ఉండదు, గాల్లోకి ఎప్పుడూ రాదు. ఫోన్ ఆన్ చేయగానే నెట్‌వర్క్ ఒక పిచ్చి నంబరు విసురుతుంది, అది కూడా 128 బిట్లు, ప్రతిసారీ కొత్తది. సిమ్ ఆ నంబర్నీ తన రహస్యాన్నీ కలిపి లోపల్లోపల లెక్క కట్టి 32 బిట్ల జవాబు చెప్తుంది. అవతల కంపెనీ కూడా అదే లెక్క కడుతుంది. రెండూ కలిస్తే నువ్వు నువ్వే. మధ్యలో విన్నవాడికి దొరికింది నిన్నటి ప్రశ్నకి నిన్నటి జవాబు, రేపు ప్రశ్న మారిపోతుంది.

ఈ రోజు మీరు ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటారంటే నేను చెప్పేది ఇదే: చిప్పు రహస్యం చెప్పకూడదు, రహస్యం తెలుసని నిరూపించాలి. మా ఫ్లాష్ చిప్పుని ఏం అడిగితే అది చెప్పేసేది. సిమ్‌ని నీ కేఐ ఎంత అని అడగడానికి కమాండే లేదు.

ఇక్కడ మాకు ఇంకా సిగ్గుచేటు ఏంటంటే, మా ప్రతి డబ్బాలోనూ ఒక సిమ్ ఉంది! ఇంత మంచి చిప్పు లోపల పెట్టుకుని కూడా కవలలు పుట్టారు. ఎందుకంటే సిమ్ ఎవరికి సమాధానం చెప్తోంది? టెలికాం కంపెనీకి. మాకు కాదు. మెకానిక్ రెండో బోర్డులో తన సిమ్ ఒకటి వేసుకున్నాడు, నెట్‌వర్క్ దాన్ని చక్కగా గుర్తుపట్టి ఇంటర్నెట్ ఇచ్చింది, ఆ ఇంటర్నెట్ మీంచి మా పాస్‌వర్డ్ చెప్పి లోపలికొచ్చింది. వీధి గేటు దగ్గర వాచ్‌మన్ రానిచ్చినంత మాత్రాన ఇంట్లోకి రానివ్వం కదా.

సిమ్ కూడా తప్పులు లేకుండా పుట్టలేదు. 1998లో మార్క్ బ్రిసెనో, ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ అని ముగ్గురు, చాలా కంపెనీలు సిమ్‌లో వాడే కాంప్128 అనే లెక్కని విరగ్గొట్టారు. కార్డు చేతికి దొరికితే దాన్ని లక్షన్నర ప్రశ్నలు అడిగి, దాదాపు ఎనిమిది గంటల్లో, జవాబుల్లోంచే కేఐ లాగేయొచ్చు అని చూపించారు. అంటే చిప్పు నోటితో చెప్పలేదు, దాని జవాబుల తీరే చెప్పేసింది. ఒకే కార్డులో పది పన్నెండు నంబర్లు వేసుకునే సిమ్‌లు ఒకప్పుడు బజార్లో దొరికేవి, అవి దీని పుణ్యమే. ఆ లెక్కని రహస్యంగా దాచిపెట్టారు, బయటివాళ్లతో పరీక్ష చేయించలేదు, అదీ అసలు తప్పు. ఇంకో తప్పు, 2జీలో నెట్‌వర్క్ ఫోన్‌ని ప్రశ్న అడుగుతుంది కానీ ఫోన్ నెట్‌వర్క్‌ని అడగదు. నేనే టవర్ అని ఎవడు అరిస్తే వాడి దగ్గరికి పోతుంది. దొంగ టవర్లు అలా పుట్టాయి. 3జీలో దాన్ని సరిచేశారు, నెట్‌వర్క్ కూడా తన దగ్గర కేఐ ఉందని రుజువు పంపాలి, పాత రుజువే తిప్పి పంపకుండా అందులో వరస నంబరు కూడా ఉంటుంది. మీరు ఏ సిస్టమ్ డిజైన్ చేసినా ఈ రెండో వైపు మర్చిపోకండి. డబ్బా ఎవరో సర్వర్‌కి తెలియాలి సరే, సర్వర్ ఎవరో డబ్బాకి తెలియకపోతే, ఎవడో మధ్యలో కూర్చుని ఊళ్లో మోటార్లన్నీ ఒకేసారి వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుందా?

సరే, మా మూడో డబ్బా. దీంట్లో రహస్యాన్ని లోపలే దాచుకునే సెక్యూర్ ఎలిమెంట్ అనే చిప్పు పెట్టాం. బల్ల మీద ఉంది, తర్వాత వచ్చి చూడండి, ఎనిమిది కాళ్లు, చిన్న ప్యాకేజీ అయితే 2 మిల్లీమీటర్లు బై 3 మిల్లీమీటర్లు. బోర్డుని నడిపే చిన్న ప్రాసెసర్, మైక్రోకంట్రోలర్‌తో రెండు తీగల మీద, ఐ2సీ మీద మాట్లాడుతుంది. ఎక్కువ మొత్తంలో కొంటే ఒక్కోటి వంద రూపాయల లోపే. లోపల అది తనంతట తాను ఒక ప్రైవేట్ కీ, అంటే సంతకం పెట్టే రహస్య నంబరు, పుట్టించుకుంటుంది, పీ-256 కర్వ్ అనే లెక్క మీద. ఆ కీ నాకూ తెలియదు, ఫ్యాక్టరీలో కూర్చున్న అమ్మాయికీ తెలియదు, మా ఎండీకీ తెలియదు. బయటికి వచ్చేది ఆ సంతకాన్ని ఎవరైనా సరిచూసుకునే పబ్లిక్ కీ ఒక్కటే, 64 బైట్లు. దాని మీద మా కంపెనీ సంతకంతో సర్టిఫికెట్ తయారవుతుంది. సర్వర్‌కి కనెక్ట్ అయ్యేటప్పుడు టీఎల్ఎస్ అనే భద్రమైన కనెక్షన్ పద్ధతిలో సర్వర్ అడుగుతుంది, ఇదిగో ఈ మాటల మీద సంతకం పెట్టు అని, చిప్పు పెడుతుంది, అయిపోయింది. మెకానిక్ ఫ్లాష్ మొత్తం కాపీ కొట్టుకోవచ్చు, సర్టిఫికెట్ కూడా కాపీ కొట్టుకోవచ్చు, అది కాగితమే. సంతకం పెట్టే చెయ్యి మాత్రం ఆ చిప్పులో ఉంది.

సిమ్‌కీ దీనికీ ఉన్న తేడా గమనించారా? సిమ్‌లో రహస్యం రెండు చోట్ల ఉంటుంది, కార్డులో ఒకటి, కంపెనీలో ఒకటి. అంటే కార్డు ఫ్యాక్టరీ నుంచి టెలికాం కంపెనీ దాకా ఆ కేఐల ఫైలు ఎలాగో ప్రయాణం చేయాలి. 2015 ఫిబ్రవరిలో అమెరికా నిఘా సంస్థ రహస్యాలు బయటపెట్టిన స్నోడెన్ పత్రాల ఆధారంగా ఒక వార్త వచ్చింది. బ్రిటిష్, అమెరికన్ నిఘా సంస్థలు గెమాల్టో అనే పెద్ద సిమ్ తయారీ కంపెనీలోకి చొరబడి, అలా ప్రయాణంలో ఉన్న కీలనే పట్టుకున్నాయని. గెమాల్టో, చొరబాటు జరిగి ఉండొచ్చు, కానీ పెద్ద ఎత్తున కీలు పోలేదు అంది. ఎంత పోయిందన్నది పక్కన పెట్టండి, వాళ్లు ఎక్కడ గురిపెట్టారో చూడండి. కోట్ల కార్డుల్ని ఒక్కొక్కటీ విరగ్గొట్టడం ఎందుకు, పురుడు పోసే చోట నిలబడితే సరిపోదూ?

నా అనుభవంలో హార్డ్‌వేర్ భద్రతలో కష్టమంతా ఆ పురుడు దగ్గరే. చిప్పు కొనడం తేలిక. మాకు జరిగింది చెప్తాను. ఈ చిప్పుల్లో లాక్ అని ఒకటుంది. ఏ గూట్లో ఏం ఉండాలి, ఏది చదవొచ్చు, ఏది చదవకూడదు అని సెట్టింగ్ రాసి లాక్ చేయాలి, చేశాక బ్రహ్మదేవుడు దిగొచ్చినా తెరవలేడు. మొదటి బ్యాచ్‌లో మా కుర్రాళ్లు ఒక బైటు తప్పు రాసి లాక్ చేశారు. రెండు వందల చిప్పులు, సంతకం పెట్టమంటే పెట్టవు, పారేయడమే. ఇంకో బ్యాచ్‌లో అయితే లాక్ చేయడమే మర్చిపోయారు, అన్నీ చక్కగా పనిచేశాయి, టెస్టింగ్‌లో పాసయ్యాయి, పొలాలకి వెళ్లిపోయాయి. ఆ రెండో తప్పు ఎంత ప్రమాదమో ఆలోచించండి, మొదటిది కనీసం కళ్లకి కనపడింది. ఇప్పుడు లైన్ చివర ఒక మిషన్ ఉంది, ప్రతి బోర్డునీ నీ కీ చూపించు అని అడుగుతుంది. చూపించకపోతేనే పాస్.

కీ లోపలే ఎందుకు పుట్టాలి, బయట కంప్యూటర్‌లో తయారుచేసి ఎక్కిస్తే ఏం పోయింది అంటారా? ఫ్యాక్టరీ కంప్యూటర్‌లో ఆ ఫైలు మిగిలిపోతుంది అనేది ఒక సంగతి. మరీ పరికరం ప్రాసెసర్‌లోనే పుట్టిస్తే ఇంకో ఇబ్బంది. 2012లో నాడియా హెనింగర్, జకీర్ దురుమెరిక్, ఎరిక్ వుస్ట్రో, అలెక్స్ హాల్డర్‌మన్ కలిసి ఇంటర్నెట్ మొత్తం గాలించి అందరి పబ్లిక్ కీలూ పోగేశారు. పోగేసి చూస్తే వేల వేల పరికరాల కీలు ఒకదానితో ఒకటి సంబంధం ఉన్నవే, టీఎల్ఎస్ హోస్టుల్లో 0.5 శాతానికి ప్రైవేట్ కీలు ఉత్త లెక్కతో, గసాభాతో, వచ్చేశాయి. (గసాభా బళ్లో చేశారు కదా, అదే.) కారణం ఏంటంటే రౌటర్ లాంటి చిన్న పరికరం మొదటిసారి ఆన్ అయినప్పుడు దానికి యాదృచ్ఛికం అనేదే దొరకదు. మౌస్ లేదు, కీబోర్డు లేదు, గడియారం లేదు. అన్నీ ఒకే స్థితిలో నిద్రలేస్తాయి, ఒకే రకం నంబర్లు ఊహించుకుంటాయి. హార్డ్‌వేర్‌లో నిజమైన రాండమ్ జనరేటర్ ఉండాలనేది అందుకే.

ఇప్పుడు చిప్పు ఏం చేయదో చెప్తాను, అమ్మేవాళ్లు ఇది చెప్పరు. అది బోర్డు నిజాయితీకి హామీ ఇవ్వదు. మైక్రోకంట్రోలర్‌లోకి ఎవడైనా దూరి వేరే ఫర్మ్‌వేర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) ఎక్కిస్తే, ఆ దొంగ ఫర్మ్‌వేర్ సంతకం పెట్టమన్నా చిప్పు పెట్టేస్తుంది. ఆఫీసులో రబ్బరు స్టాంపు పట్టుకుని కూర్చున్న గుమస్తా ఎలాగో ఇదీ అలాగే, కాగితం మీద ఏముందో చదవడు. అందుకే సెక్యూర్ బూట్ కావాలి, అంటే ఎక్కే ఫర్మ్‌వేర్ మీద మన సంతకం ఉంటేనే ప్రాసెసర్ దాన్ని నడపాలి. కంప్యూటర్లలో టీపీఎం అనే భద్రతా చిప్పు చేసేది ఇంకో అడుగు ముందు. విండోస్ 11 అడిగింది చూడండి, 2.0 అని, 2021లో పాత ల్యాప్‌టాప్ ఉన్న ప్రతివాడూ తిట్టుకున్నాడే, అదే. బూట్ అయ్యే ఒక్కో మెట్టు దగ్గరా ఆ మెట్టు హ్యాష్ (ఆ కోడ్‌కి లెక్కకట్టిన వేలిముద్ర లాంటి నంబరు) తీసి పాత విలువకి కలిపి మళ్లీ హ్యాష్ చేసి దాచుకుంటుంది. చివర్లో సర్వర్ అడిగితే నేను ఎవరో, ఇవాళ ఏం వేసుకుని నిద్రలేచానో రెండూ కలిపి సంతకంతో చెప్తుంది.

టీపీఎం ఉంటే చాలని కూడా అనుకోకండి. 2024 ఫిబ్రవరిలో స్టాక్‌స్మాషింగ్ అనే పేరుతో వీడియోలు చేసే ఆయన ఒక పాత లెనోవో ల్యాప్‌టాప్ వెనక మూత తీసి, పది డాలర్లు కూడా కాని రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డు తగిలించి, 43 సెకన్లలో విండోస్ డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ కీ పట్టుకున్నాడు. టీపీఎం చిప్పుని విరగ్గొట్టలేదు. అక్కడ టీపీఎం పని సంతకం పెట్టడం కాదు, డిస్కు తాళం చెవి తీసి ప్రాసెసర్‌కి ఇవ్వడం, ఆ చెవి బోర్డు మీద తీగల్లో ఎన్‌క్రిప్షన్ అనే బట్టల్లేకుండా నడిచి వెళ్తుంటే ఈయన దారిలో నిలబడి చూశాడు. మళ్లీ అదే మాట, రహస్యం చెప్పే డిజైన్, చెప్పకుండా నిరూపించే డిజైన్.

పఫ్ (PUF) అని ఒకటుంది, చిప్పు పుట్టుకలోని తేడాలనే దాని గుర్తుగా వాడుకోవడం, పరీక్షలో అడుగుతారేమో, త్వరగా చెప్పేస్తాను. ఎస్‌ర్యామ్ అనే మెమరీకి పవర్ ఇచ్చిన క్షణంలో ఒక్కో సెల్లు 0గానో 1గానో పడుతుంది, ఏది ఎటు పడుతుందో ఆ చిప్పు తయారైనప్పటి సూక్ష్మమైన తేడాల వల్ల నిర్ణయమైపోతుంది. ఇది అచ్చంగా పుట్టుమచ్చ, కానీ లోపలిది, బయటివాడు చూడలేనిది. కీ ఎక్కడా నిల్వ ఉండదు, పవర్ ఇచ్చినప్పుడే పుడుతుంది, తీస్తే మాయం. చాలా అందమైన ఆలోచన. కొన్ని సెల్లులు మాత్రం మాట మీద నిలబడవు, వేడికి ఎక్కువ తడబడతాయి. మే నెలలో రెంటచింతల ఎండలో ఇనప డబ్బా లోపల ఎంత వేడి ఉంటుందో అక్కడివాళ్లని అడగండి. దాన్ని సరిదిద్దడానికి ఎర్రర్ కరెక్షన్ పెడతారు, పనిచేస్తుంది కూడా, మేం మాత్రం ఆ తలనొప్పి పెట్టుకోలేదు.

మేం అసలు ఊహించని తలనొప్పి గడియారం. మా డబ్బాలో గడియారానికి బ్యాటరీ లేదు, అది మిగిల్చిన పది రూపాయలు చూసి మురిసిపోయాం. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా డబ్బాకి తేదీ 1970 జనవరి 1. సర్వర్ పంపిన సర్టిఫికెట్ చూసి, ఇదేంటి ఇది ఇంకా పుట్టనే లేదు అని తిప్పి పంపేది. రోజుకి నాలుగుసార్లు కరెంటు పోయే చోట ఇది ఎంత సరదాగా ఉంటుందో ఊహించుకోండి. చివరికి టవర్ ఇచ్చే టైమ్ తీసుకునేలా చేశాం. డబ్బా తన సర్టిఫికెట్ గడువు విషయంలో మాత్రం 802.1ఏఆర్ అనే, పరికరాల గుర్తింపు గురించిన ప్రమాణం దారి చూపించింది, ఫ్యాక్టరీలో ఇచ్చే గుర్తింపుకి గడువు వద్దనుకుంటే 9999 డిసెంబర్ 31 అని వేయమంటుంది. మొదటిసారి చూసినప్పుడు టైపింగ్ పొరపాటు అనుకున్నాను.

ఇంక మెకానిక్ సంగతి. మూడో డబ్బా వచ్చాక అతను నాకు ఫోన్ చేసి, "సార్ మీరు బాగా బిగించేశారు, ఇప్పుడు పిడుగు పడితే రైతు గతేంటి?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. కాపీ కుదరకుండా చేశామంటే బాగుచేయడం కూడా కుదరకుండా చేశామని అర్థం. చాలా కంపెనీలు ఇక్కడ ఆగిపోతాయి, భద్రత పేరు చెప్పి స్పేర్ పార్టుల వ్యాపారం చేసుకుంటాయి, అది నాకు నచ్చదు. మేం చేసిందేంటంటే, ఖాళీ బోర్డులు ముందే సొంత చిప్పుతో, సొంత సర్టిఫికెట్‌తో షాపుల్లో ఉంటాయి. పాత బోర్డు మీద క్యూఆర్, కొత్త బోర్డు మీద క్యూఆర్, రెండూ మెకానిక్ స్కాన్ చేస్తాడు, రైతు ఫోన్‌కి మెసేజ్ వెళ్తుంది, ఆయన సరే అంటే పాత సర్టిఫికెట్ రద్దు, కొత్త దానికి ఆ పొలం పేరు రాసుకుంటాం. గుర్తింపు చిప్పుది, పొలం రైతుది, రెండింటినీ కలిపే పుస్తకం మా దగ్గరుంది. పది రోజుల పని పావుగంటకి వచ్చింది. అతనే ఇప్పుడు మా డీలరు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: సార్, చిప్పునే పీకి వేరే బోర్డులో పెడితే?)

పెట్టొచ్చమ్మా, పనిచేస్తుంది. కానీ అప్పుడు మొదటి బోర్డు మూగదైపోతుంది, ఉన్నది ఒకటే కదా. ఒకటి దొంగిలించడం వేరు, ఒకటి పట్టుకుని వెయ్యి అచ్చు వేయడం వేరు. నా భయమల్లా రెండోదాని గురించే.

(ఇంకొకరు: క్వాంటమ్ కంప్యూటర్ వస్తే ఈ సంతకాలన్నీ పోతాయి కదా సార్?)

పీ-256 పోతుంది, అవును, అంత పెద్దది వచ్చిన రోజున. 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్, క్వాంటమ్‌కి తట్టుకునే కొత్త ప్రమాణాలు విడుదల చేసింది, సంతకానికి ఎంఎల్-డీఎస్ఏ. ఇప్పుడు మా సంతకం 64 బైట్లు, దాంట్లో అన్నిటికన్నా చిన్న రకమే 2,420 బైట్లు. 2జీ సిగ్నల్ ఒక గీత ఉన్న చోట ఆ తేడా తెలుస్తుంది. పొలంలో డబ్బా పదేళ్లు పైనే ఉంటుంది కాబట్టి, ఇవాళ డిజైన్ చేసేవాళ్లు కనీసం ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌ని సరిచూసే భాగంలో కొత్త లెక్క పెట్టుకునే చోటు వదలాలి. మేం వదిలామా అంటే, నాలుగో డబ్బాలో వదులుతున్నాం.

టైమ్ అయిందని మీ సార్ చూస్తున్నారు. బల్ల మీద మూడు బోర్డులు పెట్టాను, భూతద్దం కూడా ఉంది, వచ్చి చూడండి. ఎర్ర టేపు వేసింది ఆ కవల బోర్డే, మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకున్నాను, దాన్నీ ముట్టుకోవచ్చు. సిమ్ తీసేశాను లెండి.